బందరు వీధులలో ఒక పూట

మా దివిసీమ పల్లెల వారికి బందరు అంటే పని ఉన్న ఊరు. కోర్టులో వాయిదా ఉంటే బందరు, కలెక్టరు కచేరీలో అర్జీ ఇవ్వాలంటే బందరు, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలంటే బందరు. తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకొని చల్లపల్లి మీదుగా వెళ్ళడము, పని అయినా కాకపోయినా పొద్దుగూకే లోపు మళ్ళీ బస్సెక్కి ఇల్లు చేరడము. ముప్పై ఏండ్లుగా ఇలాగే వెళ్ళి వస్తున్నాము. ఎవరైనా "బందరు ఎలా ఉంటుందండీ?" అని అడిగితే బస్టాండు, ఆఫీసు వరండా, జిరాక్సు షాపు, ఈ మూడే మా కండ్ల ముందు మెదిలేవి. చుట్టాల ఇంటికి పోయి గడపలోనే నిలబడి మాట్లాడి వచ్చేసినట్లుండేది మా ప్రయాణము.

మొన్న క్రిస్మసు అయిన తరువాతి వారములో మాత్రము ఆ ఊరు మమ్మును లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. అప్పుడు కూడ వెళ్ళినది పని మీదే. అమ్మ పేర ఉన్న అర ఎకరము పొలము కాగితములో ఆమె తండ్రి పేరు తప్పు పడింది. అమ్మ అంటే మా ఇద్దరిలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. ఇంట్లో అందరమూ అమ్మ అనే పిలుస్తాము. పేరు దిద్దించాలంటే ఆమె స్వయముగా వచ్చి సంతకము చేయాలన్నారు. ముగ్గురము బయలుదేరాము. పదిన్నరకు ఆఫీసు మెట్లెక్కితే, "సారు క్యాంపుకు వెళ్ళారు, మూడు గంటలకు రండి" అన్నాడు గుమాస్తా. పల్లెల నుండి వచ్చేవారికి ఇది కొత్త మాట కాదు. ఇంకొక రోజైతే వరండాలో న్యూసుపేపరు పరచుకొని కూర్చునేవాళ్ళమే. అమ్మ ఒప్పుకోలేదు.

"నాలుగున్నర గంటలు ఈ బల్ల మీద కూర్చుంటే నా నడుము పట్టేస్తుంది అబ్బాయ్. పదండి, ఊరు చూద్దాము" అంది.

అమ్మకు అరవై ఎనిమిదేండ్లు. మోకాళ్ళ నొప్పులు. పది అడుగులు వేస్తే ఒకసారి నిలబడాలి. ఆమె నిలబడినప్పుడల్లా మేమూ నిలబడ్డాము. నిలబడితే ఊరికే ఉండలేము గదా, తల ఎత్తి చూశాము. తొందరగా నడిచేటప్పుడు షాపుల బోర్డులే కనబడతాయి. నిలబడి చూస్తే ఆ బోర్డుల పైన పాత మేడలు, చెక్క పిట్టగోడలు, రంగు వెలిసిన కిటికీ తలుపులు, పెంకుల మధ్య మొలిచిన రావి మొక్కలు కనబడ్డాయి. క్రింద సెల్‌ఫోనుల దుకాణము, పైన తాతల నాటి వసారా. ఇన్నేండ్లుగా ఆ దారినే పోతూ ఒక్కసారైనా ఆ పై అంతస్తు చూడలేదు మేము.

కోనేరు సెంటరులో మాకు కోనేరు కనబడలేదు గాని, ఊరంతా అక్కడికే వచ్చి కలుస్తుందని మాత్రము తెలిసింది. అరటిపండ్ల బండ్లు, పూల బుట్టలు, ఆటోల వాళ్ళ కేకలు. "పరాసుపేట, పరాసుపేట" అని ఒకడు, "వలందపాలెము ఎవరండీ" అని ఒకడు. ఆ పేర్లు ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఇంటికి వచ్చిన కాగితముల మీద కూడ చూశాము. ఆ పేర్లకు అర్థము ఉంటుందన్న ఆలోచనే ఏనాడూ రాలేదు. అమ్మే అడిగింది: "వలందపాలెము ఏమిటే అమ్మాయ్, అదేమి పేరు?"

మా ఇద్దరిలో ఒకరికి చిన్నప్పటి చరిత్ర పాఠము కొంచెము గుర్తు ఉంది. హాలెండు దేశము నుండి వచ్చిన డచ్చి వారిని మన పెద్దలు వలందులు అనేవారు. వారు ఉన్న చోటు వలందపాలెము. ఫ్రెంచి వారిని పరాసులు అనేవారు. వారి చోటు పరాసుపేట. ఇంగ్లీషుపాలెము సంగతి చెప్పనక్కర లేదు. అసలు బందరు అనే మాటే మనది కాదు. పారశీక భాషలో బందరు అంటే ఓడరేవు. మచిలీపట్నము అనే పేరులోని మచిలీ, చేప. ఒక్క ఊరిలో తిరిగే ఆటో వాడు రోజూ హాలెండుకు, ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు జనాన్ని దించి వస్తున్నాడన్న మాట, వాడికి తెలియకపోయినా.

వీరందరూ ఇక్కడికి ఎందుకు వచ్చారంటే గుడ్డల కోసము. గోలకొండ నవాబులకు ఇదే పెద్ద రేవు. ఈ తీరములో నేసి అద్దిన బట్ట పారశీకములోను, తూర్పు దీవులలోను, తరువాత ఐరోపాలోను ఇష్టపడి కొనేవారు. 1605లో డచ్చి వారు వచ్చారు. 1611లో గ్లోబు అనే ఓడలో ఇంగ్లీషు వారు వచ్చి కొఠీ పెట్టుకున్నారు. తూర్పు తీరములో ఇంగ్లీషు కంపెనీకి అదే మొదటి కొఠీ. మద్రాసులో వారు అడుగు పెట్టింది అటు తరువాతే. 1750లో ఊరు ఫ్రెంచి వారి చేతికి పోయింది. 1759లో కర్నలు ఫోర్డు కోటను ముట్టడించి మళ్ళీ ఇంగ్లీషు వారి పరము చేశాడు. ఇంతమంది కొట్టుకున్నది మన సాలెవాళ్ళ మగ్గము మీది గుడ్డ కోసమే. ఆ సాలెవాళ్ళ పేరు మీద మాత్రము ఇన్ని పేటలు లేవు.

ఆ గుడ్డ ఇప్పటికీ బ్రతికే ఉంది. బజారులో ఒక చిన్న దుకాణము ముందు కలంకారీ దుప్పట్లు వ్రేలాడదీసి ఉంటే అమ్మ అక్కడ నిలబడిపోయింది. ఈ పని ఇప్పుడు ఎక్కువగా జరిగేది బందరుకు పది కిలోమీటర్ల దూరములోని పెడనలో. దుకాణదారుడు బేరము చేసేవారే కాక అడిగేవారు కూడ దొరికారని సంతోషించాడు గాబోలు, స్టూలు తెచ్చి వేసి, "కూర్చోండి మామ్మగారూ" అని అంతా చెప్పాడు. ముందు బట్టను ఉతికి గంజి పోగొట్టాలి. తరువాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెట్టాలి. పాలు ఎందుకంటే రంగు ప్రక్కకు ప్రాకకుండ ఉండడానికట. నలుపు కోసము తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి నానవేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, తరువాత చిరివేరు వంటి వేళ్ళతో కలిపి పెద్ద గంగాళములో ఉడకబెడతారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట పోతుంది. అచ్చులు టేకు చెక్కతో చెక్కినవి. ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. గీతకు ఒకటి, లోపలి రంగుకు ఒకటి, ఇలా ఎన్ని రంగులైతే అన్ని. ప్రతి రంగు తరువాత పారే నీటిలో ఉతకాలి. నిలవ నీరు పనికిరాదు.

"అయితే కాలువకు నీళ్ళు రాకపోతే మీ పని కూడ ఆగుతుందన్న మాట" అంది అమ్మ.

"మీ చేనులాగే మామ్మగారూ" అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒక దుప్పటి కొన్నాము. మిషనుతో అచ్చు వేసినది చవకగా ఉంది, చేత్తో అద్దినది దానికి రెండింతలు. చేత్తో అద్దిన దానిలో ఒక మూల పువ్వు కొంచెము ప్రక్కకు జరిగి ఉంది. అమ్మ అదే కావాలన్నది.

లడ్డు సంగతి చెప్పకపోతే చదువరులు మమ్మును క్షమించరు. బందరు లడ్డునే తొక్కుడు లడ్డు అంటారు. మామూలు లడ్డుకు బూంది కట్టి పాకములో వేసి ఉండ చుడతారు. ఇక్కడ అట్లా కాదు. శనగపిండిని పూసగా నేతిలో వేయించి, దానిని రోటిలో దంచి, జల్లించి, బెల్లపు పాకము పోసి మళ్ళీ దంచుతారు. నెయ్యి పోస్తూ దంచుతూనే ఉంటారు. అందుకే నోటిలో పెట్టుకుంటే కొరకవలసిన పని ఉండదు. పండ్లు లేని అమ్మకు ఇదొక వరము. ఎప్పుడో బుందేలుఖండు వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన బొందిలీల చేతి పని ఇది అంటారు. 2017లో ఈ లడ్డుకు భౌగోళిక గుర్తింపు కూడ దక్కింది. మేము వెళ్ళిన కొట్టు వెనుక ఇద్దరు మనుషులు రోకళ్ళు వేస్తున్నారు. చలికాలములో కూడ వారి వీపుల మీద చెమట కారుతున్నది. ఆ చప్పుడు విన్న తరువాత కిలో ధర ఎక్కువ అని మేము అనలేకపోయాము. అరకిలో కట్టించుకున్నాము.

ఆ ప్రక్క వరుసలో గిల్టు నగల దుకాణములు. రాగి మీద, ఇత్తడి మీద బంగారు పూత పూసే ఈ పని బందరును ఆనుకొని ఉన్న చిలకలపూడిలో పుట్టింది. అందుకే ఊరూరా దానిని చిలకలపూడి బంగారము అన్నారు. దానిని చులకన చేసి మాట్లాడేవారున్నారు. మేము మాత్రము చేయము. వరి ఎండిన ఏడు మెడలోని గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి, ఈ గిల్టు గొలుసు వేసుకొనే మా ఆడపడుచుల పెండ్లిండ్లు జరిపించాము. ఆ ఫోటోలలో ఏది ఏదో ఎవరికీ తెలియదు.

బ్యాంకు అంటే జ్ఞాపకము వచ్చింది. మా పల్లెల రైతులకు బ్యాంకు అంటే ఆంధ్రా బ్యాంకే. అది పుట్టినది ఈ వీధులలోనే. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో దానిని ఇక్కడ స్థాపించారు. 2020 ఏప్రిలు 1న అది యూనియను బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారి ఇన్నేండ్లయినా మా ఊరిలో ఎవరూ కొత్త పేరు అనరు. పట్టాభి గారు, కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు కలిసి 1910లో ఇక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. జెండాతో మనము తలచుకొనే పింగళి వెంకయ్య గారు అందులో పని చేశారు. 1902లో మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి వారు 1907 నుండి 1945లో కన్ను మూసే వరకు నడిపించారు. సాయంత్రమైతే ఆయన ఆఫీసులో కవులు, గాయకులు చేరి కబుర్లు చెప్పుకొనేవారట. దానికి దర్బారు అని పేరు. ఇంత ఊరిలో ఇంతమంది ఒకరికొకరు నడిచి పోగలిగినంత దూరములో ఉండేవారు. అందుకే అన్ని పనులు జరిగాయేమో అనిపించింది. ఇప్పుడు మేము ఒకే వీధిలో ఉండి కూడ ఫోనులోనే మాట్లాడుకుంటున్నాము.

పన్నెండు దాటింది. హోటలులో భోజనము చేసి, అక్కడ నుండి ఆటో మాట్లాడుకొని నోబులు కాలేజీ వైపు వెళ్ళాము. రాబర్టు నోబులు గారు, హెన్రీ ఫాక్సు గారు 1841లో బందరు వచ్చారు. నోబులు గారు 1843లో బడి తెరిచారు. ఇరవై నాలుగు సంవత్సరములు స్వదేశము ముఖము చూడక, 1865లో ఈ ఊరిలోనే తనువు చాలించారు. ఆ బడే తరువాత కాలేజీ అయింది. విశ్వనాథ సత్యనారాయణ గారు కూడ ఇందులో చదువుకున్నవారే.

ఆ గేటు దగ్గర నిలబడి మాకు గర్వము కలిగిందన్న మాట నిజము. ఇంకొక మాట కూడ నిజమే, దానిని దాచడము మంచిది కాదు. ఆ బడిని మొదట పై కులముల పిల్లల కోసము పెట్టారు. పై వారికి చదువు చెబితే వెలుగు దానంతట అదే క్రిందికి దిగుతుందని ఆ కాలములో అనుకున్నారు. మా ముత్తాతల వంటి వారి పిల్లలకు ఆ బెంచీల మీద చోటు లేదు. జరిగింది మాత్రము వేరు. వెలుగు పై నుండి దిగలేదు. రాఘవాపురములో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తానే వెదకి వెదకి, 1859లో తన వారితో బాప్తిస్మము పొందాడు. అక్కడ నుండి పల్లె పల్లెకు ప్రాకింది. మన కృష్ణా జిల్లా సంఘములలో చాలా వాటి మొదలు కాలేజీ మెట్ల మీద కాదు, పశువుల చావడిలో. ఇప్పుడు మా పల్లెల పిల్లలు ఆ గేటు లోపలికి పుస్తకములు పట్టుకొని పోతున్నారు. మేము నిలబడి ఉన్నంతసేపట్లో ఎంతమంది పోయారో! ఒక అమ్మాయి అమ్మను చూసి "ఎవరి కోసమండీ మామ్మగారూ?" అని అడిగింది. "ఎవరి కోసమూ కాదమ్మా, ఊరికే చూస్తున్నాను" అంది అమ్మ.

సెయింటు మేరీ ఆలయము గురించి బందరు వారు చెప్పుకొనే కథ ఒకటి ఉంది. 1800ల మొదట్లో ఇక్కడి దండులో జాన్ పేటరు అనే పెద్ద అధికారి ఉండేవాడు. అరబెల్లా రాబిన్సను అనే యువతిని ప్రేమించాడు. వారికి పెండ్లి కాలేదు. 1809లో ఆమె చనిపోయింది. ఆమెను సంఘపు సమాధుల తోటలో పెట్టడానికి అప్పటి పాదిరి ఒప్పుకోలేదట. కారణము ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెబుతారు. పేటరు వేరే చోటు తీసుకొని, అక్కడ ఆమెను సమాధి చేసి, ఆ సమాధి మీద ఈ ఆలయము కట్టించి కంపెనీ వారికి అప్పగించాడట. తోటలో చోటు దొరకని ఆమె చుట్టూ నేటికీ ఆదివారపు ఆరాధన జరుగుతూ ఉంది. మేము ముగ్గురము కొంతసేపు లోపల కూర్చున్నాము. మన సంఘములలో కూడ ఎవరికి సమాధి చోటు ఇవ్వాలి, ఎవరికి కూడదు అని కమిటీలు కూర్చొని వాదించడము మేము చూశాము. అమ్మ ఏమీ అనలేదు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ, "చచ్చిన పిల్ల ఏమి చేసిందిరా పాపము" అంది, అంతే.

ఆటో అబ్బాయి మంచివాడు. "డచ్చి వారి సమాధులు చూస్తారా మామ్మా? ఎవరూ అడగరు" అని అతనే తీసుకొని వెళ్ళాడు. దారిలో అతనిదొకటే మాట, కొత్త రేవు. తపసిపూడి దగ్గర 2023లో పనులు మొదలు పెట్టారు. "మళ్ళీ ఓడలు వస్తాయంటున్నారు" అన్నాడు. అతని కండ్లలో ఆ ఓడలు అప్పుడే వచ్చేశాయి. పూర్వము ఉన్న రేవు ఎందుకు పోయిందో అతనికి బాగా తెలుసు. మేట వేసి నీరు లోతు తగ్గి, పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక చాలా దూరములో లంగరు వేయవలసి వచ్చేది. కాకినాడ, విశాఖపట్నము రేవులు పైకి వచ్చాయి. అంతకంటె ముందు తుపాను వచ్చింది.

డచ్చి వారి సమాధుల మీది రాళ్ళు మూడు వందల ఏండ్లకు పైబడినవి. పురావస్తు శాఖ వారి కాపుదల క్రింద ఉన్నాయి. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, వాటి మీద కుటుంబముల చిహ్నములు, చుట్టూ అల్లిన తీగలు, పొడవైన వ్రాతలు. అక్షరములు ఇంగ్లీషు వాటివలె ఉన్నా, చదవబోతే అర్థము కాని భాష. చెక్కిన చేయి మాత్రము మన వారిదేనేమో అనిపిస్తుంది. ఆ తీగలు, పువ్వులు ఉదయము కలంకారీ దుప్పటి మీద చూసిన వాటికి దగ్గర చుట్టాల్లా ఉన్నాయి.

"ఇంత దూరము వచ్చి ఇక్కడ పోయారా" అంది అమ్మ. ఒక రాతి మీద ఎండుటాకులు కొంగుతో తుడిచింది. తరువాత ఆటో అబ్బాయి తుపాను సంగతి ఎత్తాడు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ఊరి మీదికి వచ్చింది. పదిహేడు మైళ్ళ దూరము లోపలికి నీరు ఎక్కిందని వ్రాశారు. బందరులోను చుట్టుప్రక్కల పల్లెలలోను ముప్పై వేల మంది పోయారు. ఆ తరువాత కోటలోని దండును కూడ తీసివేశారు. వలందులు, పరాసులు, ఇంగ్లీషు దండు, ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయినా ఊరి జనము వెళ్ళలేదు. బురద ఎత్తి పోసుకొని అదే చోట మళ్ళీ కొట్లు తెరిచారు. ఉదయము నుండి మేము తిరిగిన బజారు వారిదే.

అమ్మ ఆ రాతి ప్రక్కన గట్టు మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మావైపు చూడకుండానే చెప్పడము మొదలు పెట్టింది.

1977 నవంబరు 19 శనివారము. దివిసీమ ఉప్పెన సంగతి మన పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది ఏమీ లేదు. పదివేల మందికి పైగా పోయారు. అమ్మ అప్పుడు నాగాయలంక వైపు పల్లెలో పుట్టింటిలో ఉంది. అయిదవ నెల. మా ఇద్దరిలో ఒకరము అప్పుడు ఆమె కడుపులో ఉన్నాము. ఆమెకు ఒక చెల్లెలు ఉండేదని, ఉప్పెనలో పోయిందని మాకు తెలుసు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పిల్లకు ఎనిమిదేండ్లు. చీకటి పడే వేళ నీళ్ళు గోడలాగ వచ్చాయి. ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. తుమ్మచెట్టు కొమ్మ ఒకటి అమ్మకు అందింది. ముండ్లు గుచ్చుకొని రక్తము కారుతున్నా వదలలేదు. రెండవ చేతిలో చెల్లెలి చేయి.

"కొమ్మ పట్టుకున్న చేయి వదిలితే నలుగురము పోయేవాళ్ళము అనుకున్నాను" అంది. నలుగురు ఎవరని మేము లెక్క పెట్టుకున్నాము. ఆమె, చెల్లెలు, కడుపులోని బిడ్డ. ముగ్గురే. నాలుగవది ఎవరని అడిగితే, "మీ నాన్న బ్రతికేవాడు కాదు" అంది. "దాని చేయి జారింది. నేను వదలలేదు, జారింది. నాలుగు రోజులు వెదికాము. దొరకలేదు. దొరికినవాళ్ళందరినీ ఒక్క గోతిలో పెట్టారు. దానిలో ఉందేమో, సముద్రములోకే పోయిందేమో. రాయి లేదు, పేరు లేదు. వీళ్ళకు చూడు, ఎక్కడి వాళ్ళకో, ఎంత బాగా వ్రాసి పెట్టారో."

ఆ మాటలో అసూయ లేదు. బాగా చేసిన పనిని చూసి మెచ్చుకున్నట్లే అంది. మేము ఏమి అనగలము? ప్రార్థన చేద్దామా అమ్మా అని అడిగితే, వద్దు, కాసేపు కూర్చోనివ్వండి అంది. ఆటో అబ్బాయి కొంచెము దూరము పోయి, మావైపు వీపు పెట్టి నిలబడ్డాడు. అతనికి వెయిటింగు చార్జీ ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

మూడుంబావుకు ఆఫీసు చేరాము. సారు నాలుగు గంటలకు వచ్చారు. పాత కాగితము చూశారు, ఆధారు కార్డు చూశారు, అమ్మ ముఖము చూశారు. ఎర్ర సిరాతో తప్పు పేరు కొట్టివేసి, సరియైన పేరు వ్రాయమని గుమాస్తాకు చెప్పారు. ఇంత చిన్న పనికా ఆరు నెలలు తిప్పారు అని మాకు నోటి వరకు వచ్చింది గాని మ్రింగాము. అమ్మ సంతకము పెట్టింది. గుమాస్తా వ్రాసినది సరి చూసుకోవడానికి ఆమె తండ్రి పేరు ఇంటి పేరుతో సహా పైకి చదివాడు.

"ఇంకొకసారి చదవండి బాబూ" అంది అమ్మ.

అతను తల ఎత్తి, "తప్పు ఉందా మామ్మగారూ?" అని అడిగాడు.

"తప్పేమీ లేదు. చదవండి."

అతను మళ్ళీ చదివాడు. అమ్మ కండ్లద్దము తీసి తుడుచుకొని, లడ్డు పొట్లము విప్పి అతని బల్ల మీద రెండు పెట్టింది. అయిదు గంటల బస్సు దొరికింది. చల్లపల్లి దాటే వరకు ఆమె కలంకారీ దుప్పటిని ఒడిలో పెట్టుకొని, ప్రక్కకు జరిగిన ఆ పువ్వు మీద వ్రేలు పెట్టి కూర్చుంది.